గాలం కర్ర బరువు

ఆదివారం వస్తే ఓడరేవు కూలీ గవరయ్య పని బట్టలు ఉతికి దండెం మీద ఆరేసి, గాలం కర్ర భుజాన వేసుకుని కార్మికుల క్లబ్బు చెరువుకు వెళ్లేవాడు. మధ్యాహ్నానికి భార్య సుందరి మెటియాబ్రుజ్ వాడలోని ఇంటి నుంచి అన్నం పట్టుకుని వచ్చేది. పదేళ్లుగా అదే వరస.

ఆ కర్ర వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి తెచ్చిన వెదురు. నిజం చెప్పేవాడి చేతిలో ఈకలా ఉండేది, అబద్ధమాడినవాడి చేతిలో బియ్యం బస్తా అయ్యేది. కుళాయి దగ్గర తగువొస్తే "కర్ర ఎత్తి సెప్పు" అనేవారు వాడలో ఆడవాళ్లు. అంతటితో తగువు తీరేది, ఎవరి బిందెలు వారు నింపుకునేవారు.

ఆ ఏడు పోర్ట్ బ్లెయిర్‌లో గాలాల పోటీ పెట్టారు. గెలిస్తే మోటారు పడవ. క్లబ్బు చెరువులో అన్నిటికన్నా పెద్ద చేప పట్టినవాళ్లను విమానంలో పంపుతామన్నాడు కార్యదర్శి బీరేన్ బాబు.

గవరయ్య టీ తాగి వచ్చేలోపల, కర్రకు కాపలా కూర్చున్న సుందరికి పదకొండు కిలోల బొచ్చె చేప పడింది. కుచ్చిళ్లు దోపి, మోకాలి లోతు నీళ్లలో దిగి, ఒక్కతే ఒడ్డుకు లాగింది. క్లబ్బులో ఆడవాళ్లకు సభ్యత్వం లేదు. "ఎవరు పట్టారు?" అని బీరేన్ బాబు అడిగితే "నేనే" అన్నాడు గవరయ్య. సుందరి చేపను చూసింది గాని మొగుణ్ణి చూడలేదు.

ఆనాటి నుంచి గవరయ్య కర్రను రెండు చేతులా మోస్తున్నాడు. "వానకి నానిపోనాది" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాడు. ఒక అబద్ధానికి కాపలా పెట్టడానికి ఇంకో అబద్ధం కావాలి మరి.

ప్రయాణం రోజు ఎర్ర జెండా కట్టిన యూనియన్ లారీలో సగం వాడ దమ్‌దమ్ విమానాశ్రయానికి తరలింది. పొరుగింటి అప్పమ్మ కర్రకు పసుపు తాడు కట్టింది.

"ఒరే గవరయ్యా, కిటికీలోంచి గాలం ఏసీకు. ఏ గెద్దో తగులుకుంటాది!"

అందరూ పకపకా నవ్వారు. గవరయ్య కర్రను కౌంటరు దగ్గర కాటా మీద పెట్టాడు.

"ఎనభై రెండు కిలోలు, దాదా," అన్నాడు గుమస్తా. "ఇరవైకి మించి కుదరదు. ఏదైనా తీసేయండి."

"ఏటి తీసీమంటారు బాబూ? ఉట్టి ఎదురే కదా!"

"అది మీకే తెలియాలి."

విమానం బయలుదేరబోతోందని మైకులో పిలుపు వినిపించింది. నోరు విప్పితే విమానమూ పోతుంది, పడవా పోతుంది. ఎర కోసం చీమగుడ్ల డబ్బా పట్టుకుని సుందరి పక్కనే నిలబడి ఉంది. ఈసారి మొగుణ్ణే చూస్తోంది.

"బీరేన్ బాబూ, ఆ సేప నాను పట్నేదు. నా ఆడది పట్టింది."

ముల్లు గిర్రున తిరిగి ముప్పై దగ్గర ఆగింది.

"ఇంకా పది ఎక్కువ," అన్నాడు గుమస్తా.

"కర్ర వానకి నాననూ నేదు!"

ముల్లు అరకిలోకు దిగింది.

బీరేన్ బాబు తల గోక్కున్నాడు. "రేవులో ఎవరి సరుకు మీద వాళ్ల పేరే రాస్తాం కదా," అంటూ క్లబ్బు కాగితం మీద గవరయ్య పేరు కొట్టేసి సుందరి పేరు రాశాడు. గుమస్తా టికెట్టు మీదా మార్చేశాడు.

"ఓలమ్మ! నానా? కట్టుకోడానికి ఇంకో సీరైనా తేనేదు!" అంది సుందరి.

"నా సీర అట్టుకెల్లే," అని అప్పమ్మ అక్కడికక్కడే పైట మీద చెయ్యి వేసేసరికి ఆడవాళ్లంతా ఆమెను పట్టుకుని ఆపారు.

సుందరి ఒక్క వేలితో కర్ర ఎత్తింది. మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, గాలికి ఎగిరే జుట్టును పట్టుకుని అరిచింది: "మావా! పడవొస్తే నడిపేది నానే!"

"నువ్వే నడుపు!" అని కంచె పట్టుకుని ఎగిరి ఎగిరి అరిచాడు గవరయ్య.

విమానం లేచింది. పక్కన నిలబడ్డ బెంగాలీ పెద్దమనిషి "ఎవరు వెళుతున్నారు, దాదా?" అని అడిగాడు.

"గాలం ఏసే మనిషి ఎల్తంది బాబూ," అన్నాడు గవరయ్య రొమ్ము విరుచుకుని. "నాను ఆవిడ మొగుణ్ణి."