బ్యాటరీ జట్టు చేసిన తప్పు

ఆ ఆదివారం మధ్యాహ్నం సలుద్ నూడుల్స్ కొట్టులో ఇసుక వేస్తే రాలనంత జనం. లిపా ఊరి ట్రైసికిల్ స్టాండు డ్రైవర్లందరూ తమ మూడుచక్రాల బండ్లు గాలికొదిలేసి అక్కడే చేరారు. గోడ మీది టీవీలో డ్రాఫ్ట్ నడుస్తోంది. లీగులోని బాస్కెట్‌బాల్ జట్లు కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే రోజది. ఈ బటాంగాస్ ప్రాంతం వాళ్ళు మామూలుగా మాట్లాడుకున్నా పోట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. ఇక ఆ రోజు సంగతి చెప్పేదేముంది, కొట్టు రేకులు అదిరిపోతున్నాయి.

రెండో రౌండులో బ్యాటరీల కంపెనీ వాళ్ళ జట్టు కిద్లాత్ బ్యాటరీస్ వంతు వచ్చింది. వేదిక మీది పెద్దమనిషి కాగితం విప్పి చదివాడు.

"అర్నెల్ దిమాకులాంగన్!"

బెంచీలు తిరగబడ్డాయి. ఎవరో బయటికి పరుగెత్తి బండి హారన్ నొక్కిపట్టారు. కనోర్ అనే డ్రైవరు తన గిన్నెలోని పులుసంతా పక్కవాడి చొక్కా మీద ఒలకబోసి, మళ్ళీ అతన్నే వాటేసుకున్నాడు. అర్నెల్ అంటే సలుద్ కొడుకే. స్టాండు వెనక సిమెంటు కోర్టులో రబ్బరు చెప్పులతో ఆడి పెరిగినవాడు. పైగా ఆ బ్యాటరీ జట్టంటే స్టాండు మొత్తానికి ప్రాణం. అది ఓడిన మర్నాడు ఇక్కడ ఏ డ్రైవరూ ప్రయాణికులతో సరిగా మాట్లాడడు.

సలుద్ మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. కడాయిలో గరిటె ఒక తిప్పు తిప్పి, "తప్పు చేశారు" అంది.

హారన్ కూడా ఆగిపోయింది.

"అక్కా, నీకేమన్నా మతిపోయిందా? కన్నకొడుకు!" అన్నాడు కనోర్.

"కన్నకొడుకైతే ఎత్తు పెరుగుతాడా? వీడు చూస్తే అయిదడుగుల ఎనిమిదంగుళాలు. రింగు కింద నిలబడాల్సిన మన సెంటర్ బెల్మోంటే ముసలాడైపోయాడు, మెట్లెక్కాలన్నా గోడ పట్టుకుంటున్నాడు. అక్కడ ఒబ్రెగాన్, తాటిచెట్టంత మనిషి, ఎవరి కంటా పడకుండా ఇంకా మిగిలున్నాడు. వాణ్ణొదిలేసి మావాణ్ణి తీసుకుంటారా? బంతి నడిపే గార్డులు ఇప్పటికే నలుగురున్నారు. అయిదోవాడెందుకు, నీళ్ళందించడానికా?"

ఇందులో ఒక్క మాట కూడా మొహమాటానికి అన్నది కాదు. మగడు ఓడల్లో ఉద్యోగం చేస్తూ ఏడాదికి రెణ్ణెల్లు ఇంటికొచ్చే మనిషి. మిగతా కాలమంతా సలుద్ కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మ్యాచులు చూసింది. ఆట విషయంలో ఆవిడతో వాదించి గెలిచినవాడు ఆ స్టాండులో లేడు.

వాళ్ళకి తెలియని చిక్కు మరొకటుంది. పొద్దున డ్రాఫ్ట్ కోసం మనీలా బస్సెక్కే ముందు కొడుకు చెప్పాడు. "రెండో రౌండులో తీసుకున్నా కాంట్రాక్టు ఇస్తారని నమ్మకం లేదమ్మా. ముందు నెల్లాళ్ళు వాళ్ళతో ప్రాక్టీసు చెయ్యాలి, అందులో నెగ్గితేనే జట్టులో చోటు. నాన్న చూసిన ఓడ ఉద్యోగానికి వచ్చేవారమే వెళ్ళాలి. రెండూ కుదరవు. ఆట నీకు తెలిసినంత నాకు తెలీదు. వాళ్ళు నన్ను తీసుకోవడం సబబేనని నీకనిపిస్తే ఉంటా. లేదంటే ఓడెక్కుతా." అందరికీ అది కాలక్షేపం వాదన. ఆవిడకి కొడుకు బతుకు. అందుకే నోటికొచ్చిన సంతోషాన్ని పంటి బిగువున ఆపుకుంది.

స్టాండులో అందరికన్నా పెద్దవాడు ఇగ్మే ధైర్యం చేశాడు. "సలుద్ అన్నదాంట్లో నిజముందిరా. అర్నెల్‌కి ఎడంచెయ్యి కూడా సరిగా ఆడదు…"

గరిటె వచ్చి ఆయన ముక్కుకి బెత్తెడు దూరంలో ఆగింది. "ఎవరికి మావా ఎడంచెయ్యి ఆడందీ? కోడి కూయకముందే లేచి ఎడంచేత్తో బంతి కొడుతూ ఈ వీధినంతా నిద్రలేపేది మీ అబ్బాయా, మా అబ్బాయా?"

"నువ్వేగా తప్పంటున్నావ్!"

"నేనంటాను. నువ్వంటే ఊరుకుంటానా?"

కొట్టంతా గొల్లున నవ్వింది. కనోర్ ఇదే సందని ముందుకొచ్చాడు. "సరే అక్కా, ఒక్కటి చెప్పు. పోయినేడు ఫైనల్లో ఎందుకోడిపోయాం?"

"తెలీనట్టు అడుగుతావేంటి? అవతలి ఆ పొట్టి గార్డుని ఆపే దిక్కులేక. మన నలుగురూ వాడికి దారిచ్చి దణ్ణం పెట్టారు. వారం రోజులు నాకు అన్నం సయించలేదు."

"అలాంటోణ్ణి ఆపేవాడు ఈ ఊళ్ళో ఎవడు?"

సలుద్ వంగి పొయ్యి మంట సర్దింది.

"నే చెప్తా విను. అర్నెల్ నా మీదికొచ్చాడంటే జలగే! ఓసారి వాడి బాధ పడలేక మ్యాచ్ మధ్యలో బండేసుకుని ఇంటికి పోయాను. నా పెళ్ళాన్నడుగు!"

"నీమీద ఆడి గెలవడం కూడా ఒక గొప్పేనా?" అంది సలుద్. కానీ గొంతులో ఇందాకటి పదును లేదు. అంతలో టీవీలో ప్రత్యర్థి జట్టు ఒబ్రెగాన్‌ని ఎగరేసుకుపోయింది. "చూశారా! పోయాడు! చేతిదాకా వచ్చినవాణ్ణి పోగొట్టుకున్నారు!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. సగం మంది ఆవిడతో కలిసి నెత్తి కొట్టుకున్నారు. మిగతా సగం అర్నెల్ పేరు పెట్టి కేకలేశారు.

ఆ గోలలో ఫోను మోగింది. సలుద్ తడి చేత్తో స్పీకరు నొక్కింది.

"అమ్మా! చూశావా?"

"చూశాన్రా."

"మరి చెప్పు. ఆటా? ఓడా?"

స్టాండు మొత్తం బిత్తరపోయింది. ఇంతసేపూ తాము వేళాకోళంగా లాగుతున్న తాడు కొసన ఈ కుర్రాడి బతుకుందని అప్పుడే వాళ్ళకి తెలిసింది. కనోర్ రెండు చేతులూ జోడించాడు, తప్పనొద్దని.

అబద్ధం చెప్పడం ఎంతసేపు? కానీ ఆట గురించి కొడుక్కి ఏనాడూ అబద్ధం చెప్పలేదు ఆవిడ. "వాళ్ళు చేసింది తప్పేరా. నేనైతే ఒబ్రెగాన్ని తీసుకునేదాన్ని."

"సరేనమ్మా. అయితే ఓడకే…"

"నా మాట పూర్తి కానిస్తావా? ఈ జట్టు తప్పులు చెయ్యడం నాకు కొత్తా? ఇరవై ఏళ్ళుగా ఇక్కడ కూర్చుని గొంతు చించుకోవడమే గానీ ఒక్కదాన్నీ దిద్దలేకపోయాను. ఈ ఒక్క తప్పే నా కడుపున పుట్టింది. పో, ప్రాక్టీసుకి పో. అందరి ముందూ నా నోరు మూయించు."

"నాన్నకో?"

"నాన్నకి నేను చెప్తాలే. నడిసముద్రంలో ఉన్నాడు, అక్కణ్ణుంచి కొట్టలేడు."

కొట్టు బద్దలైపోయింది. మళ్ళీ హారన్లు, మళ్ళీ బెంచీలు. ఇగ్మే ముసలాయన తనకు రాని డాన్సు మొదలుపెట్టాడు. ఆ హోరులో కొడుకు గొంతు పీలగా వినిపించింది. "అమ్మా, నా పేరు పిలిచినప్పుడు నీకసలు సంతోషమే కలగలేదా?"

సలుద్ ఫోను చెవికి అదుముకుంది. "నీ పేరు విన్నాక ఇంకేం వినబడలేదురా నాయనా. ఒబ్రెగానెవడో కూడా కాసేపు గుర్తురాలేదు" అంటూ, అంతమంది మధ్య, గరిటె చేత్తో పట్టుకునే భోరుమని ఏడ్చేసింది.