నేను వంచిన పట్టీలు

నెల్లికుదురులో సరోజనక్కకు కొత్త ఇల్లు కడుతున్నది నా కొడుకు సంపత్. సొంతంగా మేస్త్రీ అయ్యాక వాడికి ఇదే మొదటి ఇల్లు. గోడలకు నీళ్లు కొట్టే పని నాది.

సిమెంటు ఇటుకల గోడ లేచింది. దాని ముందు రెండు వేళ్ల ఖాళీ వదిలి, అందానికి ఎర్ర ఇటుకల గోడ పెట్టాలన్నారు. ఆ ముందుగోడను పట్టి ఉంచడానికి సంపత్ లోపలి గోడకు వరుసలుగా ఇనుప పట్టీలు బిగించాడు. అవి బెత్తెడు పొడవున బయటికి పొడుచుకొచ్చాయి. సరోజనక్క మనవడు రిత్విక్ ఆ పక్కనే సైకిలు తొక్కుతాడు. వాడు పడ్డట్టు, పట్టీ కంట్లో దిగినట్టు, ఊరంతా నా కొడుకును తిట్టినట్టు నాకు ఒకటే ఊహలు. సంపత్ మరిపెడలో ఇంకో పని మీద పోయిన రోజు, రాయి తీసుకుని చేతికి అందిన పట్టీలన్నీ గోడకు ఆనేటట్టు కొట్టేశాను. వాడిని ఒక్క మాట అడగలేదు.

తెల్లారి ఇటుక కట్టడానికి తండా నుంచి సోమ్లా వచ్చాడు.

"అక్కా, పట్టీలు గిట్ల వంగినయేంది?"

నిజం చెబితే కొడుకు తిడతాడని భయమేసింది.

"సంపతే వంచుమన్నడు తమ్మీ."

"మేస్త్రీ చెప్పినంక మనదేముంది," అని నవ్వి తాపీ అందుకున్నాడు.

నాలుగో రోజు సంపత్ వచ్చేసరికి ఎర్ర గోడ తలెత్తు దాటింది. వాడు చేత్తో మెల్లగా నెట్టాడు. గోడ కదిలింది. పైనుంచి ఖాళీలోకి ఫోన్ లైటు కొట్టి చూశాడు.

"ఏం జేసినవ్ సోమ్లా! పట్టీ పట్టకుంటే ఇది ఉత్తగ నిలబడ్డట్టే. పెద్దగాలొస్తె పోరగాండ్ల మీద పడ్తది!"

"నువ్వే వంచుమన్నవంట. అక్క చెప్పింది."

"అవ్వా?"

సరోజనక్క కూడా నావైపే చూస్తోంది.

"నాకేమెరుక బిడ్డా," అన్నాను.

సోమ్లా తాపీ తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. "ఇరవై ఏండ్ల సంది ఇదే పని జేస్తున్న. అబద్ధమెందుకాడుత?" అని రోడ్డు మీదికి నడిచాడు.

అప్పుడే రిత్విక్ సైకిలు తెచ్చి ఎర్ర గోడకు ఆనించబోయాడు.

"అటు పోకురా!" అని అరిచి వాడిని రెక్క పట్టి లాగాను. తర్వాత మాటలు వాటంతటవే వచ్చేశాయి. "పట్టీలు నేనే కొట్టిన. సోమ్లాకు అబద్ధం జెప్పింది నేనే. ఆయనను పిలువు బిడ్డా."

సంపత్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చెప్పులు కూడా వేసుకోకుండా సోమ్లా వెనక ఉరికాడు.

"భయమైతె అడగరాదా చెల్లె," అంది సరోజనక్క.

మరునాడు తిరిగొచ్చిన సోమ్లాతో కలిసి ఎర్ర గోడ విప్పాం. ఒక్కో ఇటుకకు అంటిన సిమెంటు నేనే గీకాను. సోమ్లా వంగిన పట్టీలు పీకేసి కొత్తవి బిగించాడు. తర్వాత ఒక పాత చెప్పును ముక్కలుగా కోసి, పట్టీల కొనలకు గుచ్చాడు.

"గిట్ల పెడ్తె కండ్లకు తాకదక్కా. ఇటుక పెట్టేటప్పుడు తీసేస్తం."

ముందే అడిగి ఉంటే అంతే పని. ఆయన మొహం చూడలేక, రెండో చెప్పు తీసుకుని నేను కూడా ముక్కలు కోస్తూ కూర్చున్నాను.