కీబోర్డులో ఖాళీ

పెన్ను మూతను కీబోర్డులోని గుంటలోకి దించబోయి, కోడలు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ గుంటలో ఒకప్పుడు ‘ఎస్’ కీ ఉండేది. కంట్రోల్‌తో కలిపి దాన్ని నొక్కితే ఫైలు సేవ్ అవుతుంది. ఆమె పనిలో చేరిన రోజే అత్తగారు దాన్ని గోటితో పెకలించి పట్టుకుపోయింది. “చూడకుండా నొక్కే చెయ్యి నీది. ఇకమీద నొక్కాలంటే కాస్త కష్టపడు,” అంది. పాత జపాను ఫైళ్లను కొత్త కోడ్‌లోకి మార్చే ఈ పనిలోనే అత్తగారు రిటైరైంది. ఆవిడ కుర్చీ, దాని చిరుగుతో సహా, కోడలికొచ్చింది. కీ మాత్రం రాలేదు.

ఇవాళ తెర మీదున్నది కంపెనీ ఫైలు కాదు, అత్తగారు ఉద్యోగమంతా తీరిక వేళల్లో కూర్చిన జపాను నిఘంటువు. మంచాన పడ్డ ఆవిడ నిన్న, “అది పోకుండా చూడవే,” అని బతిమాలింది. ఎవరినీ బతిమాలే మనిషి కాదు. పాత డిస్కు ఒక్కసారి చదివించుకుని మొరాయించింది. ఇప్పుడా నిఘంటువు ఈ ముసలి మెషీన్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ మెషీన్‌ను తుక్కుకు వేసేశారు. తుక్కు కొనే మనిషి తాడుతో ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇంకెంతసేపమ్మా? బండి ఆగదు.”

“ప్లగ్గు జోలికొచ్చావంటే ఊరుకోను!”

సగం దాకా అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. ఆపైనంతా గజిబిజి. గజిబిజి అంటే ఆమెకు భయం లేదు. మెషీన్‌కు అంకెలే తెలుసు, ఒక్కో జపాను అక్షరానికీ అంకెలు జంటగా ఉంటాయి. ఎక్కడో ఒకటి జారితే వెనకున్నవన్నీ తమ జంటను వదిలి పక్కదాని చెయ్యి పట్టుకుంటాయి. అవి పోలేదు, వరస తప్పాయంతే. ఇలాగే సేవ్ నొక్కితేనే కొంప మునుగుతుంది. కొత్త డిస్కు మీదికి కొత్త కోడ్‌లో రాసేటప్పుడు, పోల్చుకోలేని ప్రతి జంటనూ మెషీన్ ప్రశ్నార్థకం చేసేస్తుంది. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా అవి అక్షరాలు కావు.

ఫోన్ మోగింది. భర్త.

“అమ్మకి ఊపిరందట్లేదు. లాభం లేదన్నాడు డాక్టరు. వచ్చెయ్!”

“వస్తున్నా,” అంది గానీ కదల్లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. తెర మీద వేలు పెట్టి ఒక్కో జంటనూ తడుముకుంటూ పోయింది. జారిన చోటు దొరికింది. అక్కడ ఏదో ఒక అంకె ఇరికించగానే కిందవన్నీ సర్దుకున్నాయి. అయినా చెయ్యి రాలేదు. ఇంకోచోట కూడా జారి ఉంటే?

భర్తకు ఫోన్ చేసి, “ఫోన్ అత్తయ్య చెవి దగ్గర పెట్టండి,” అంది. “అత్తయ్యా, సర్దుకుంది. కానీ అంతా చూడాలంటే పొద్దుపోతుంది.”

“చివరి మాట... చదువు.”

గబగబా అడుగుకు వెళ్లింది. “వాన్ వాన్. కుక్క అరుపు.”

అవతల దగ్గో, నవ్వో. “ఇన్నేళ్లు గొడ్డుచాకిరీ చేసి... ఆఖరికి మొరిగానన్నమాట.” కాసేపు ఆయాసం. “తోక దాకా వచ్చిందిగా. నొక్కెయ్. అంతా చూసుకునేదాకా... ఎవరుంటారే? వచ్చెయ్.”

చూడకుండా నొక్కొద్దన్న మనిషే నొక్కమంటోంది. పెన్ను మూత దించింది. తెర ఖాళీ అయింది. తర్వాత ఒక వరస వచ్చింది: మార్పు పూర్తయింది, ప్రశ్నార్థకాలు ఒకటి. తను అంకె ఇరికించిన చోటే.

కొత్త డిస్కు సంచిలో వేసుకుని, ప్లగ్గు తనే పీకేసింది.

ఇంటి గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. భర్త తలెత్తి చూసి, పక్కకు జరిగాడు. ఆమె మంచం పక్కన కూలబడింది.

“ఒక్కటే పోయిందత్తయ్యా. మిగతావన్నీ ఉన్నాయి,” అని ఆ చెవిలో చెప్పి భోరుమంది.

కాసేపటికి లేచి అత్తగారి కళ్లజోడు మెల్లగా తీసి, దాన్ని దాచడానికి తలగడ పక్కనున్న డబ్బా తెరిచింది. లోపల, అద్దాలు తుడిచే గుడ్డ మడతలో, అత్తగారి వేలికి సగం అరిగిపోయిన ‘ఎస్’ కీ ఉంది.