పంచ్ పట్టే మనిషి

పదమూడో రివెట్ తల డ్రిల్లు మొనకు ఉంగరంలా తగులుకుని గిర్రున తిరగడంతో ఆయన మిషన్ ఆపాడు. ఇక లోపలికి పోనక్కర్లేదు. తల తెగింది. కాడ మాత్రం లారీ ఛాసిస్ చట్రం బొక్కలో బిగుసుకుని ఉంది. మొనకు చిక్కిన ఇనుప ఉంగరాన్ని బొటనవేలితో తోసి రేకుడబ్బాలో వేశాడు. ముందు పడిన పన్నెండూ చల్లారిపోయాయి. ఇది ఇంకా కాలిన నూనె వాసన వేస్తోంది.

డ్రిల్లు కింద పెట్టి మూడు కిలోల సుత్తి అందుకున్నాడు. ఆ మోత ఆగడం కోసమే చూస్తున్నట్టు, పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న మనిషి ముందుకు జరిగి, జానెడు పొడవున్న ఉక్కు పంచ్‌ను రెండు చేతులా పట్టుకుని తెగిన కాడ మీద ఆనించాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సుత్తి లేచింది, పడింది, మళ్లీ లేచింది. తొమ్మిదో దెబ్బకు కాడ అవతలి వైపు ఊడి సిమెంటు నేల మీద దొర్లింది.

షెడ్డులో ఆయన్ని అందరూ సుత్తి బావ అంటారు. రోజంతా పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషికి ఆ పేరు పెట్టింది వెల్డింగ్ మేస్త్రీ. సుత్తి కొట్టడమే గానీ సుత్తి వేయడం బావకు చేతకాదని ఇప్పటికీ నవ్విస్తుంటాడు. నిజానికి బావ అని పిలిచే వరస అక్కడ ఒక్కడికే ఉంది. పంచ్ పట్టుకుని కూర్చున్న ఆ మనిషికి. సుత్తి బావ భార్యకు సొంత తమ్ముడు. షెడ్డంతా బావా బావా అంటుంది, ఆ ఒక్కడు తప్ప. పదకొండేళ్లుగా.

మాటలు లేకపోయినంత మాత్రాన పని ఆగలేదు. తప్పనిసరైతే ఇద్దరూ లారీతో మాట్లాడేవారు. "ఈ పంచ్ మొద్దుబారింది" అని బావమరిది ఛాసిస్‌కు చెప్పేవాడు. "పెట్టెలో ఇంకోటుంది" అని ఈయనా ఛాసిస్‌కే జవాబిచ్చేవాడు. కొత్తగా చేరినవాళ్లు చాటుకు వెళ్లి నవ్వుకునేవారు. నాలుగు రోజులకు వాళ్లకూ అలవాటైపోయేది.

ఇప్పుడు చేతిలో ఉన్న లారీ తేనెటీగలు పెంచే ఆవిడది. తనే నడుపుతుంది. పూలు పూసే చోటల్లా పెట్టెలు దింపి, పూత అయిపోగానే మళ్లీ ఎక్కించుకుని తిరుగుతుంది. చక్రాల మీద లారీ బరువు మోసే ఉక్కు పట్టీల కమాన్ల కుదుపుకు పెట్టెల్లో తేనెపట్లు తెగిపడి, ఈగలు సగం దారిలోనే చచ్చిపోతున్నాయట. అందుకని వెనక కమాన్లు తీసేయించి, వాటి చోట గాలితో నిండే రబ్బరు బెలూన్లు పెట్టించుకుంటోంది. కమాన్లు దింపడం ఒక పూట పని. వాటిని మోసే బ్రాకెట్లు ఊడదీయడమే అసలు పని. నాలుగు బ్రాకెట్లు, ఒక్కోదానికి ఆరు రివెట్లు. కంపెనీలో పెద్ద మిషన్‌తో నొక్కి బిగించినవి. మళ్లీ ఎవరైనా విప్పుతారన్న ఊహే లేకుండా కొట్టినవి.

పది గంటలకు ఫోర్‌మన్ వచ్చి డబ్బాలోకి తొంగి చూశాడు.

"బావా, నీ భుజం ఇంకా తగ్గినట్టు లేదు. ఇదివరకు ఈ పాటికి ఇరవై అయిపోయేవి. గ్యాస్ కటింగ్ పెట్టేద్దామా?"

"వద్దు."

"మధ్యాహ్నానికి తేలిపోతుంది కదా."

"మంట తగిలితే ఆ చోట ఉక్కు గుణం పోతుంది. ఇవాళ కనపడదు. రెండేళ్లకి బొక్క దగ్గర సన్నగా పగులు తీస్తుంది. ఆవిడ పెట్టెల లోడు మీద ఉంటుంది అప్పుడు."

అంత పొడుగు మాట ఆయన నోట వారానికొకటి రావడం గొప్ప. ఫోర్‌మన్ చేతులెత్తేసి వెళ్లిపోయాడు.

పాత టైర్ల దొంతర మీద కూర్చుని పని చూస్తున్న లారీ ఆవిడ ఇదంతా వింది. కాసేపాగి, పక్కనే వెల్డింగ్ చేస్తున్న మేస్త్రీని అడిగింది. "వాళ్లిద్దరూ ఏమవుతారు?"

"బావా బావమరుదులమ్మా."

"మరి పొద్దున్నించి ఒక్క మాటా లేదేం?"

మేస్త్రీ మొహం మీదికి ముసుగు దించుకుని నిప్పురవ్వలు లేపాడు.

ఆ ప్రశ్న సుత్తి బావ చెవిన పడింది. ఆయన పద్నాలుగో రివెట్ నడిమధ్యన గుర్తు కొట్టి, సన్నటి డ్రిల్లు పెట్టాడు. ముందు సన్నది, తర్వాత లావుది. తొందరపడి ఒకేసారి లావుది పెడితే మొన పక్కకు జారి ఛాసిస్ బొక్కను కొరికేస్తుంది. అక్కడ కొత్త బోల్టు వదులుగా కూర్చుంటుంది. ముప్పై ఏళ్లలో ఆయన చేతిలో ఒక్క బొక్కా చెడలేదు.

బావమరిదిని ఈ పనిలో పెట్టింది ఆయనే. అప్పటికి వాడు పని చేస్తున్న నూలు మిల్లు మూతపడింది. పెళ్లయింది, చంకలో పిల్ల ఉంది. "వాణ్ణి నీ పక్కన పెట్టుకో. పరాయివాళ్ల సుత్తి కింద వాడు చెయ్యి పెడితే నాకు నిద్ర పట్టదు" అని భార్య అంది. సరేనన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా జానెడు ఉక్కు తప్ప మరేమీ లేదు. ఈయన కన్ను చెదిరితే వాడి వేళ్లు నుజ్జవుతాయి. వాడి చెయ్యి బెసికితే దెబ్బ ఈయన మోకాలి మీదికి వస్తుంది. రెండూ జరగలేదు.

పదకొండేళ్ల కిందట పట్నం ఆస్పత్రిలో ఆయన భార్యకు కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేస్తే సగం ఆశ, చేయకపోతే అదీ లేదన్నారు. తను వచ్చేదాకా ఆగమని ఊళ్లో ఉన్న తమ్ముడు కబురు పంపాడు. డాక్టర్లు ఆగలేదు. ఏం చేద్దామని ఆయన భార్యనడిగితే "నీ ఇష్టం" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు. ఆమె మళ్లీ కళ్లు తెరవలేదు. ఆస్పత్రి వరండాలో పదిమంది చూస్తుండగా తమ్ముడు ఒకే మాట అన్నాడు. "నువ్వే చంపావు."

వారం తర్వాత ఆయన షెడ్డుకు వచ్చేసరికి బావమరిది పంచ్ పట్టుకుని పీట మీద కూర్చుని ఉన్నాడు. పలకరింపు లేదు. ఈయన సుత్తి ఎత్తాడు. అంతే, అలా పదకొండేళ్లు నడిచిపోయాయి. తనను హంతకుడన్నవాడు రోజూ వచ్చి తన సుత్తి కింద చేతులు ఎందుకు పెడుతున్నాడో ఆయనకు ఎన్నడూ అర్థం కాలేదు. అడిగితే రావడం మానేస్తాడేమోనని అడగలేదు. వాడికి అచ్చం ఆమె ముక్కే. కనుబొమలు కూడా ఆమెవే, కాస్త ఒత్తుగా. రెండు గదుల ఇంట్లో ఉన్న ఆమె ఫొటో పాతబడి వెలిసిపోయింది. ఈ మొహం మాత్రం రోజూ ఎనిమిది గంటలు మూరెడు దూరంలో ఉంటుంది.

మూడు నెలల కిందట పంచ్ వణకడం ఆయన గమనించాడు. కొద్దిగానే. మొదట తన చూపు అనుకున్నాడు. కాదు. వాడి కుడిచెయ్యి మణికట్టు దగ్గర అదురుతోంది. ఆ అదురుకు ఒక పద్ధతి ఉంది. ఉండుండి వస్తుంది, మధ్యలో ఒక లిప్తపాటు ఆగుతుంది. ఆగిన ఆ లిప్తలోనే సుత్తి పడేట్టు ఆయన చేతిని మలుచుకున్నాడు. విసురు సగానికి తగ్గించాడు. నాలుగు దెబ్బల పని తొమ్మిది, పది దెబ్బలు పడుతోంది. ఎందుకింత ఆలస్యమని ఫోర్‌మన్ అడిగితే తన భుజం నొప్పన్నాడు. వయసు మీద పడిందని షెడ్డు జాలిపడింది. పడనీ అనుకున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ ఎప్పటిలాగే చెరో మూలా కూర్చుని డబ్బాలు విప్పారు. వాడు చెంచాతో తింటున్నాడు. రోజూ చేత్తో తినేవాడు. చెంచా నోటిదాకా చేరేలోపు సగం ఒలికింది. ఈయన చూపు తిప్పుకుని గోడవైపు జరిగాడు.

నాలుగు గంటలకు ఇరవై మూడు అయ్యాయి. ఆఖరిది మొండికేసింది. ఎప్పుడో ఓవర్‌లోడుకు బ్రాకెట్ కాస్త పక్కకు జరిగి, లోపల కాడ వంగినట్టుంది. పాతిక దెబ్బలు కొట్టాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నిండు విసురుతో కొడితే తప్ప రాదు. ఆయన వాడి మణికట్టు వైపు చూశాడు. అదురుతోంది, ఇప్పుడు ఆగే లిప్త కూడా లేదు. సుత్తి కిందికి దించి నిలబడిపోయాడు.

బావమరిది పంచ్‌ను ఒళ్లో పెట్టుకున్నాడు. చెవుల్లోంచి దూది ఉండలు ఒక్కొక్కటే లాగి ఛాసిస్ అంచు మీద పెట్టాడు.

"బావా" అన్నాడు.

అవతల గ్రైండర్ మోగుతోంది. అయినా ఆయనకు స్పష్టంగా వినబడింది.

"గట్టిగా కొట్టు బావా. మూడు నెల్లుగా నన్ను ముద్దు చేస్తున్నావు. భుజం నొప్పంట. నీ భుజానికేం, దున్నపోతులా ఉంటేనూ."

ఆయన వాడి మణికట్టు వైపు గడ్డంతో చూపాడు. "డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. తగ్గేది కాదన్నాడు, ముదురుతుందన్నాడు. ఇవాళే ఆఖరు. ఫోర్‌మన్‌కి పొద్దున్నే చెప్పేశాను. పెద్దమ్మాయి రమ్మంటోంది. సాయంత్రం బస్సుకి పోతున్నాను."

ఆయన తల ఊపాడు.

"ఇంకోటి చెప్పాలి." బావమరిది నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఆపరేషన్‌కి ముందురోజు అక్క నాకు ఫోన్ చేసింది. ఆపరేషన్ చేయించుకుంటాను రా, నాకు భయం లేదు, మీ బావే భయపడి చస్తున్నాడు, వచ్చి ధైర్యం చెప్పు అంది. నేను బయల్దేరాను. వచ్చేసరికి అయిపోయింది. నోటికొచ్చింది అనేశాను. మర్నాడే వెనక్కి తీసుకుందామనుకున్నాను. నోరు రాలేదు. నెల పోయాక ఇంకా రాలేదు. ఏళ్లు పోయాక ఇక ఏ మొహం పెట్టుకుని అంటాను? అందుకే వచ్చి ఇక్కడ కూర్చునేవాణ్ణి."

ఆయన ఛాసిస్‌కు సుత్తి ఆనించి పెట్టాడు. గోడవైపు తిరిగిన భార్య వీపును పదకొండేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. ఇష్టం లేక తిరిగిందనుకున్నాడు. తన మొహంలో భయం చూడలేక తిరిగిందని తోచలేదు.

"ఇంకేమంది?"

"ఎవరు?"

"మీ అక్క. ఫోన్‌లో."

బావమరిది గుర్తు చేసుకున్నాడు. "నువ్వు రెండు రోజుల్నించి సరిగా తినడం లేదంది. వచ్చేటప్పుడు ఇంటి నుంచి ఏమైనా పట్టుకురమ్మంది."

ఆ రోజు వరండాలో వాడి చేతిలో ఒక క్యారేజీ ఉండటం ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని బెంచీ మీద పెట్టి అరిచాడు. తర్వాత దాన్ని ఎవరు తీశారో, ఏమైందో తెలియదు.

గ్రైండర్ ఆగింది. లారీ ఆవిడ టైర్ల మీంచి లేచి, మళ్లీ ఏమనుకుందో బయటికి నడిచింది. ఆయన మళ్లీ సుత్తి అందుకున్నాడు.

"మోచేతులు రెండూ ఛాసిస్‌కి ఆనించు. తిన్నగా పట్టు."

ఆ మాట లారీతో కాదు, వాడితోనే అన్నాడు.

వాడు పట్టుకున్నాడు. చెయ్యి అదురుతూనే ఉంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, మూడు నెలలుగా ఎత్తనంత ఎత్తుకు సుత్తి ఎత్తాడు. వాడు కళ్లు మూసుకోలేదు. మొదటి దెబ్బకు షెడ్డు రేకులు మోగాయి. రెండో దెబ్బకు కాడ కదిలింది. మూడో దెబ్బకు లారీ ఒళ్లంతా ఒకసారి జల్లుమని, వంకరపోయిన ఇనుప ముక్క అవతల పడింది. బ్రాకెట్ మెల్లగా జారి ఆయన చేతిలోకి వచ్చింది. వాడి వేళ్లు పదీ పదిలంగానే ఉన్నాయి. ఇద్దరూ ఆ వేళ్ల వైపే కాసేపు చూశారు.

తర్వాత పెద్దగా ఏమీ జరగలేదు. బావమరిది చేతులు కడుక్కుని చొక్కా మార్చుకున్నాడు. వెల్డింగ్ మేస్త్రీ, ఫోర్‌మన్ వాడి భుజం తట్టారు. గేటు దగ్గర ఆగి, "వస్తా బావా" అన్నాడు. ఈయన మరో చోట కొత్త బ్రాకెట్ బోల్టు బిగిస్తూనే "ఊ, జాగ్రత్త" అన్నాడు. తిరిగి చూసేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. వీధిలో చివరిదాకా ఎండ ఉంది.

"రేపట్నుంచి పంచ్‌కి పొడుగాటి కడ్డీ వెల్డ్ చేయిస్తాను బావా. దూరం నుంచి పట్టుకోవచ్చు. ఎవరైనా పడతారు" అన్నాడు ఫోర్‌మన్.

"అలాగే."

ఆఖరి బ్రాకెట్ వదిలిన బొక్కల్ని ఆయన వేలితో తడిమి చూశాడు. గుండ్రంగా, నునుపుగా, ఎక్కడా గీత పడకుండా ఉన్నాయి. అక్కడా కొత్త బ్రాకెట్ ఆనించి ఆరు బోల్టులూ పెట్టి, ఒక్కోటీ స్పానర్ క్లిక్కుమనేదాకా బిగించాడు. పని అయ్యాక గుడ్డ తీసుకుని ఛాసిస్ మీది ఇనుప పొడి తుడవడం మొదలుపెట్టాడు. ఒకచోట గుడ్డ ఆగిపోయింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, షెడ్డు తలుపు వైపు నడిచాడు. ఛాసిస్ అంచు మీద, తుడవకుండా వదిలేసిన జానెడు చోటులో, గ్రీజు పట్టి నల్లబడిన రెండు దూది ఉండలు పక్కపక్కనే ఉన్నాయి.