అత్తగారి పాటలూ, ఫ్రెడ్డీ పెన్‌డ్రైవూ

ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పోర్ట్ బ్లెయిర్‌కి సముద్రం అవతలున్న హోప్ టౌన్ బడిలో ఏళ్ల తరబడి హిందీ చెబుతున్నాను కాబట్టి అలాంటివాళ్లను చాలామందినే చూశాను. వాళ్లందరికీ నాయకుడు మా మరిది ఫ్రెడ్డీ.

వండూర్‌లో టూరిస్టులను బోటు మీద తిప్పడం అతని పని. ఆ శనివారం మధ్యాహ్నం అక్కడి నుంచి వచ్చీ రాగానే, చెప్పులైనా విప్పకుండా, మా కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. రెండు రోజులుగా ఆ కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో, మొదలుపెట్టడానికి తనలో ఏమీ దొరకలేదని చెప్పి ఊరుకుంటోంది.

“విండోస్ ఎగిరిపోయింది వదినా. ఇందులోంచి నయా ఏసేద్దాం. ఆధా గంటలో ఖతం,” అన్నాడు.

ఖతం కాలేదు. కాసేపు బుద్ధిగానే నడిచి, ఈ డిస్కులో విండోస్ వేయడం కుదరదంటూ ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చి ఆగిపోయింది. ఫ్రెడ్డీ దాన్ని చూశాడు గానీ చదవలేదు.

“ఏం పర్వా నేదు. డిస్కులో ఉన్నదంతా డిలీట్ కొట్టేత్తే సాఫ్ అయిపోద్ది. ఫిర్ తీసుకుంటాది.”

“డిలీట్ కొడితే మీ అమ్మ పాటలు?”

మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది.

ఆ పాటల సంగతి చెప్పాలి. మా చర్చిలో ఆరాధన తెలుగులోనే జరుగుతుంది. కానీ ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్న పిల్లలు తెలుగు మాట్లాడతారే తప్ప, పాటల పుస్తకం చేతికిస్తే బిక్కమొహం వేస్తారు. విని నేర్చుకోవాల్సిందే. వినడానికి మా అత్తగారు దయావతమ్మ గొంతు ఉండేది. ఆవిడ పాడుతుంటే పడవ కోసం జెట్టీకి పరుగెత్తేవాళ్లు కూడా మా గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగేవాళ్లు. పాత పాటలన్నీ ఆవిడను ఈ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నేనే రికార్డు చేశాను. పిల్లల ఫోన్లకు పంపిస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. “ఫోన్లో దొరికితే ఇంక నా దగ్గిరికి ఎవులొత్తారే?” అన్నారు. తర్వాత గొంతులో గడ్డకు ఆపరేషన్ అయింది. దేవుని దయ వల్ల ప్రాణానికి ఢోకా లేదు. గొంతు మాత్రం బొంగురుపోయింది. మునుపటిలా ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. అప్పటి నుంచీ ఆవిడ చర్చిలో కూడా నోరు విప్పి పాడింది లేదు.

ఆ డిస్కు చెరిగిపోతే ఆవిడ పాత గొంతు ఇక ఈ లోకంలో ఎక్కడా ఉండదు. పైగా మర్నాడే చర్చి వార్షికోత్సవం. ఫ్రెడ్డీ నడిపే యువజన బృందం ఆ పాటల్లో ఒకటి పాడాలి. సాయంత్రం ప్రాక్టీసుకు మా ఇంటికే వస్తారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక షాపుకి ఫోన్ చేస్తే, తీసుకురండి మేడం, లోపలున్న వాటికి గ్యారంటీ లేదు అన్నాడు షాపతను. నాకు కోపం నసాళానికంటింది.

“పెన్‌డ్రైవ్ తియ్యకు. ఆ మెసేజ్ పైకి చదువు,” అన్నాను ఫ్రెడ్డీతో, క్లాసులో పిల్లవాడితో అన్నట్టే.

గొణుక్కుంటూ చదివాడు. డిస్కు కొత్త పద్ధతిలో ఉందట, కంప్యూటర్ మాత్రం పాత పద్ధతిలో మొదలైందట. అందుకని ఒకదానికొకటి కుదరడం లేదట.

“డిస్కు చెడిపోయిందని ఎక్కడైనా ఉందా?”

“నేదు.”

“మరి డిస్కుని ఎందుకు తుడుస్తావు?”

కంప్యూటర్ మొదలయ్యే తీరు మార్చుకునే సెట్టింగుల పేజీ ఎలా తెరవాలో ఫ్రెడ్డీకి తెలుసు. తెరిచాడు. నా కళ్లు ముందు తేదీ మీద పడ్డాయి. అది మా ఇంట్లో ఈ కంప్యూటర్ అడుగు పెట్టకముందటి సంవత్సరం! తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేను కదా, ముందు తేదీ సరిచేసి సేవ్ చేశాను. అంతలో పెళపెళమని ఉరిమింది.

“అమ్మాయ్, ఎనక్కి జరుగు!” అంటూ అత్తగారు వంటింట్లోంచి పరుగున వచ్చి ప్లగ్ పీకేశారు.

మా దీవుల్లో స్విచ్‌ని ఎవరూ నమ్మరు. ఉరిమినా, కరెంటు జనరేటర్ మీదికి మారినా, చర్చికి బయల్దేరినా ప్లగ్ పీకాల్సిందే. మా అత్తగారైతే పడుకునేముందు ప్రార్థన ముగించగానే ఇల్లంతా తిరిగి మరీ పీకుతారు. పిడుగులకు రెండు టీవీలు పోగొట్టుకున్న మనిషి, ఆవిడను అనడానికి లేదు.

వాన కురిసి ఉరుములు ఆగాక మళ్లీ ప్లగ్ పెట్టాం. తేదీ చూస్తే మళ్లీ పాత సంవత్సరమే!

“ఇప్పుడే కదరా దిద్దింది! ఇంత మతిమరుపేమిటి దీనికి?”

ఫ్రెడ్డీ ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నాడు. “అరే! మా బోటు జీపీఎస్ కూడా ఇలాగే సేసింది వదినా. లోపల బిళ్ల బ్యాటరీ ఒకటుంటాది. అది సచ్చిపోతే, కరెంటు తీసేసిన ప్రతిసారీ సబ్ కుఛ్ మర్సిపోద్ది. తేదీ, సెట్టింగులు, పూరా.”

“ఏ పద్ధతిలో మొదలవ్వాలో అది కూడా?”

“అది కూడా.”

“అయితే విండోస్ ఎక్కడికీ పోలేదు! దాన్ని వెతుక్కునే దారి మర్చిపోయిందంతే!” అని అరిచేశాను.

అత్తగారు తాను పీకిన ప్లగ్ వైపు చూశారు. “అయితే నా సేత్తోనే నా పాటలు పోగొట్టుకున్నానేటే?”

“పోలేదత్తయ్యా. లోపల భద్రంగా ఉన్నాయి.”

ఫ్రెడ్డీ ప్లగ్ తీసి, స్క్రూలు విప్పి డబ్బా తెరిచాడు. ఉప్పుగాలికి బిళ్ల అంచులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కొత్తది కావాలంటే సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాలి. ఈ గాలివానలో పడవ ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. మేం మొహమొహాలు చూసుకుంటుంటే, అత్తగారు లోపలికెళ్లి తన షుగర్ చూసుకునే మెషిన్ తెచ్చి బల్ల మీద పెట్టారు.

“ఇందులో ఉన్నదీ ఇలాటి బిళ్లే కదా?”

అచ్చంగా అదే. బిళ్ల మీది అంకె కూడా కలిసింది.

“అమ్మా, మరి నీ షుగర్?” అన్నాడు ఫ్రెడ్డీ.

“షుగరు ఎక్కడికి పోద్ది రా? రేపు సూసుకుందాం. ముందది ఎట్టు!”

చిలుము పట్టిన చోట రబ్బరుతో రుద్ది శుభ్రం చేశాను. ఫ్రెడ్డీ బిళ్ల అమర్చి ప్లగ్ పెట్టాడు. తేదీ దిద్దాను. మొదలయ్యే పద్ధతిని పాతదాని నుంచి కొత్తదానికి మార్చాను. పెన్‌డ్రైవ్ పీకించి, సేవ్ కొట్టాను. తెర నల్లబడింది. చిన్న చుక్కలు గుండ్రంగా తిరిగాయి, తిరిగాయి, ఇంకా తిరిగాయి. ఆ తర్వాత మా పాత తెర, దాని మీద మా పాత ఫైళ్లు, ఎక్కడివక్కడే!

“హల్లెలూయా!” అని ఫ్రెడ్డీ ఇల్లెగిరిపోయేలా అరిచాడు. నేను కుర్చీలోంచి లేచి అత్తగారిని గట్టిగా కావలించుకున్నాను. గెలిచాం! ఏ షాపుకీ వెళ్లకుండా, ఒక్క పాటా పోకుండా గెలిచాం. కంప్యూటర్ మళ్లీ ఏ అవతారం ఎత్తుతుందో అని, ఫ్రెడ్డీ పెన్‌డ్రైవ్‌లోని విండోస్‌ని అప్పటికప్పుడే తుడిపించి, పాటలన్నీ అందులోకి ఎక్కించాను. ఈసారి అత్తగారు అడ్డు చెప్పలేదు.

సాయంత్రం పిల్లలు తడిసిన బట్టలతో వచ్చి చాప మీద కూర్చున్నారు. ఫ్రెడ్డీ పాట పెట్టాడు. ఆ పాత గొంతు గది నిండా పరుచుకుంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. నాకు ఏడుపు ఆగలేదు, దాచుకోనూలేదు. అత్తగారు మాత్రం ఎవరో పరాయిమనిషి పాట విన్నట్టు తల పక్కకు వంచి శ్రద్ధగా విన్నారు. రెండో చరణంలో భృకుటి ముడిపడింది.

“అరె, అక్కడ తప్పు పాడేను! అలా నేర్సుకోకండి. నాను పాడతాను, ఇనండి.”

గొంతు సవరించుకుని ఎత్తుకున్నారు. బొంగురుగానే వచ్చింది, మధ్యలో రెండు చోట్ల చీలింది కూడా. అయినా రాగం నిటారుగా నిలబడింది. పిల్లలు ఒక్కొక్కరే ఆవిడ వైపు తిరిగి అందుకోవడం మొదలుపెట్టారు. కంప్యూటర్ ఆపేయమని ఫ్రెడ్డీకి సైగ చేశాను.