పదిహేడో నంబరు

ఆఫీసులో అందరూ ఆయన్ని పెన్సిలన్న అనేవాళ్ళు. పన్నెండేళ్ళుగా పార్టీకి ఇళ్ళ లిస్టు రాసేది ఆయనే. డోరు నంబరుకో గుర్తు. మనవాళ్ళయితే టిక్కు, అవతలివాళ్ళయితే ఇంటూ, ఎటూ తేలనివాళ్ళకి సున్నా. పెన్ను ముట్టేవాడు కాదు. "రేపు మనసు మార్చుకుంటే చెరపాలిగా" అనేవాడు.

ఈ ఏడు బడి పేరు గొడవొచ్చింది. పాత పేరు తీసెయ్యాలని ఈ పార్టీవాళ్ళు, తీస్తే ఊరుకోమని అవతలివాళ్ళు. కూరగాయల కొట్టువాడు కూడా నువ్వెటని అడిగాకే తక్కెడ ఎత్తుతున్నాడు.

ఆ మధ్యాహ్నం కొత్త ఇన్‌ఛార్జి లిస్టు తెచ్చి బల్ల మీద పడేశాడు.

"పదిహేడుకి సున్నా ఏంటన్నా?"

ఫోన్లు చూసుకుంటున్న కార్యకర్తలు తలలెత్తారు.

"ఎటూ తేలలేదు సార్."

"మీ అక్కగారు బడి గేటు ముందు పేరు మార్చొద్దని బోర్డు పట్టుకుని నిలబడింది. ఊరంతా చూసింది. నీకొక్కడికే తేలలేదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"పాతికేళ్ళు ఆ బడిలో పాఠం చెప్పింది సార్. ఆ పేరంటే..."

"అదంతా నాకెందుకు? సాయంత్రం వ్యాను తిరుగుతుంది. ఇంటూ ఉన్న ప్రతి నంబరూ మైకులో చదివిస్తా. ఎవరెటో జనానికి తెలియాలి." జేబులోంచి పెన్ను తీశాడు. "దీంతో వెయ్."

చదివితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. పోయిన వారం ఫొటో స్టూడియో అతను అవతలివాడని తెలిసింది. తెల్లారేసరికి కొట్టు అద్దం భళ్ళున పగిలుంది.

పెన్ను అందుకున్నాడు. ఇంటూ వేశాడు. ఇన్‌ఛార్జి ఆయన భుజం తట్టబోయాడు.

"ఒక్క మాట సార్. పదిహేడంటే కింద మా అక్క, మీద నేను. నంబరొక్కటే. మన లిస్టు రాసేవాడే అవతలివాడని మీరే మైకులో చాటుకుంటారా?"

ఇన్‌ఛార్జి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

గండం గడిచిందనుకుంటూ ఆయన ఇల్లు చేరాడు. అక్క వాకిట్లో కుర్చీ వేసుకుని కూచునుంది.

"ఏరా, పొద్దుండగానే వచ్చావ్? తరిమేశారా ఏంటి?"

జవాబిచ్చే లోపే వ్యాను మలుపు తిరిగింది.

"బడికి అడ్డం పడ్డ ఇళ్ళు! పదిహేను! పదహారు! పంతొమ్మిది!"

పదహారు ఎదురింటి టైలరుది. మిషను ఆపేసి ఇటే చూస్తున్నాడు. ఆ ఇంటికి ఇంటూ పెట్టింది ఆయనే. రెండేళ్ళ కిందట ఆ అరుగు మీదే కూచుని, చొక్కాకి గుండీ కుట్టించుకుంటూ, మాటల్లో పెట్టి రాబట్టాడు. గుండీ ఇంకా ఊడలేదు.

"మనది వదిలేశారే" అంది అక్క. వ్యాను వైపు చూస్తూ, "ఆ నంబర్లు నువ్విచ్చినవేగా?"

ఆయన తలూపాడు.

"మనది మాత్రం వద్దన్నావా?"

"నీకోసమేనే అక్కా."

"నన్నడిగావా?"

ఆయన వెనక్కి తిరిగాడు. వెళ్ళి వ్యానుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంటి పెన్సిలన్నా?" మైకువాడు కంగారుపడ్డాడు.

"ఒకటి మిగిలింది. పదిహేడు."

"అది చదవద్దన్నారన్నా సారు. నువ్వు మనవాడివేగా!"

"లిస్టు రాసింది నేనా, నువ్వా? ఇంటూ ఉందా లేదా చూడు."

వాడు కాగితం తిప్పాడు. "ఉంది... పెన్నుతో ఉంది."

"అయితే చదువు."

మైకు గరగరలాడింది. పదిహేడు. వీధి చివరిదాకా వినిపించింది. ఎక్కడో రెండు కిటికీ రెక్కలు టపటపా మూసుకున్నాయి. టైలరు తలొంచుకుని మిషను తొక్కసాగాడు.

అక్క కుర్చీ మడిచి చంకన పెట్టుకుంది.

"లోపలికి రా" అంది. "కిటికీ దగ్గర మాత్రం కూచోకు."