నాన్న కొయ్యలో రంపం ముక్క

మా నాన్న కిగాంగోను కోసింది దొంగలు కాదు. నేను.

ఈ మాట ముప్పై ఒక్క ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. పైగా అన్నేళ్ళూ మీటింగుల్లో గొంతు చించుకున్నాను. "మా తండ్రుల్ని ఎత్తుకుపోయి అద్దాల వెనక నిలబెట్టారు, తిరిగివ్వండి!" కిలిఫీ నుంచి కలొలేని దాకా థోయా అన్న నా పేరు తెలియని ఊరు లేదు. నేను అరిచిన ప్రతి మాటా నిజమే. ఆ మాట అనడానికి నాకు మొహం లేదు, అంతే.

మా గిరియామా తెగలో గోహు అనే పెద్దల సంఘపు పెద్దమనిషి పోతే, కొన్నాళ్ళకు కలలో వచ్చి చలేస్తోందిరా అంటాడు. అప్పుడు మనిషెత్తు కొయ్య తెచ్చి, గుండ్రటి తల పెట్టి, ఒంటినిండా త్రికోణాలు చెక్కి, ఇంటి ముందు పాతుతాం. కాళ్ళ దగ్గర కల్లు పోస్తాం. అదే కిగాంగో. ఇక అది కొయ్య కాదు, ఆ మనిషే. మనం ఇల్లు మారినా దాన్ని కదపకూడదు.

నేను కదిపాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఊరంతా పక్క గుట్ట మీద చావుకు వెళ్ళిన మిట్టమధ్యాహ్నం. మొంబాసాలో టూరిస్టులకు బొమ్మలు అమ్మేవాడొకడు పికప్పు వేసుకొచ్చి దారిలో కాచుకున్నాడు. కొయ్య రాయిలా ఉంది. సగంలో రంపం ఇరుక్కుంది. గుంజితే కొస విరిగి లోపలే ఉండిపోయింది. అవతలి వైపు నుంచి మళ్ళీ కోశాను. పడేటప్పుడు అది నా భుజం మీదకు ఒరిగింది, తాగొచ్చిన రోజు నాన్న ఒరిగినట్టే. వాడిచ్చిన డబ్బుతో రేడియో కొన్నాను. ఇంగ్లీషు ఆ రేడియోలోనే నేర్చుకున్నాను. వారసత్వ సంపద అన్న మాట మొదట విన్నది కూడా అందులోనే.

అప్పటినుంచి నాన్న మా అక్క జుమ్వా కలలోకి వస్తున్నాడు. నా కలలోకి ఒక్కసారీ రాలేదు.

"దేక్కుంటూ వచ్చాడురా తమ్ముడూ," అనేది అక్క, పొద్దున్నే మొక్కజొన్నలు దంచుతూ. "కాళ్ళు లేవు. గుమ్మం దాకా వచ్చాడు. ఎక్కలేకపోయాడు."

నేలలో మిగిలిన మొద్దు మరుసటేడే కార్చిచ్చులో కాలిపోయింది. ఆ గుంతలోనే అక్క కల్లు పోస్తూ వచ్చింది. ఎక్కడన్నా కట్టె కోస్తున్న చప్పుడైతే నేను లేచి వెళ్ళిపోతాను. నాకు ఒళ్ళు వంగదని ఊళ్ళో నవ్వుకుంటారు. నవ్వనీ.

పోయిన నెలలో ఏదో దేశపు మ్యూజియం తొమ్మిది కొయ్యల్ని తిప్పి పంపింది. మా బడి ఆవరణలో టార్పాలిన్ మీద పడుకోబెట్టారు. ఒక్కోదాని మెడ మీద తెల్లరంగుతో నంబరు. నైరోబీ నుంచి వచ్చిన అధికారిణి, ముథేవు అనే పిల్ల, జాబితా పట్టుకుని నిలబడింది. ఎవరివో తేలినవి ఇచ్చేస్తుంది. తేలనివి సాయంత్రానికి మళ్ళీ లారీ ఎక్కి గోదాముకు పోతాయి.

అక్క నాలుగో నంబరు దగ్గర చతికిలబడింది. "నాన్నా, ఎంత చిక్కిపోయావు!"

"మీ నాన్నేంటి? అది మా నాన్న," అన్నాడు కరిసా. గుట్ట అవతలి వాడు. వాళ్ళ కొయ్య కూడా ఆ ఏడే పోయింది.

"మీ నాన్న ఇంత నిటారుగా ఎప్పుడన్నా ఉన్నాడట్రా? కల్లు తాగి కొబ్బరిచెట్టు దిగితే పాకుడేగా!"

"మీ నాన్న మాత్రం? మా మేకను కోసుకు తిని, దారి తప్పిందేమో వెతుక్కోండి అన్నాడు!"

జనం గొల్లున నవ్వారు. ముథేవు నవ్వలేదు. "ఏదన్నా రుజువుందా అమ్మా? పాత ఫొటో అయినా?"

"మీ నాన్నను గుర్తుపట్టడానికి నువ్వు ఫొటో చూసుకుంటావా పిల్లా?"

గోహు పెద్ద బయా తాత కర్రతో నేలను కొట్టాడు. "తేలందే పాతనివ్వను. ఒకడి తండ్రి కల్లు ఇంకొకడికి పోస్తే ఇద్దరూ మన మీద పడతారు."

అక్క నా వైపు తిరిగింది. "నోరు పడిపోయిందా? ఊళ్ళన్నీ తిరిగి అరిచావుగా, ఇప్పుడు అరవరా!"

అరిచాను. దోపిడీ అన్నాను, దొరలు అన్నాను, అద్దాల పెట్టెలు అన్నాను. చప్పట్లు కొట్టారు. ముథేవు ఓపిగ్గా విన్నది. "అన్నా, అన్నీ ఒప్పుకుంటాను. నాలుగో నంబరు ఎవరిదో చెప్పండి."

డ్రైవరు లారీ వెనక తలుపు దించాడు. అక్క కొయ్యను వాటేసుకుని పడుకుంది. ముప్పై ఏళ్ళు గుంతకు కల్లు పోసిన మనిషి. ఈసారి లారీ ఎక్కితే నాన్నను మళ్ళీ పంపించినవాణ్ణి నేనే అవుతాను.

"కింద కోత చూడమ్మా," అన్నాను. "రెండు వైపుల నుంచి కోసింది. మధ్యలో మెట్టులా ఉంటుంది. నంబరు వైపు, బొటనవేలంత లోతులో రంపం కొస ఉంది."

ముథేవు చాకుతో గీకింది. టక్కుమంది. డ్రైవరు పటకారుతో లాగాడు. తుప్పు పట్టిన ముక్క, మూడు పళ్ళు.

కరిసా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నీకెట్టా తెలుసు?" అంది అక్క.

అక్క నా చేతుల్ని చూసింది. చాలాసేపు చూసింది.

"రేడియో," అంది.

మూడో రోజు పాతారు. పాతేటప్పుడు కొడుకు పట్టుకోవాలి. బయా తాత కర్ర అడ్డం పెట్టాడు. "ఆ చేతులు వద్దు." కరిసా పట్టుకున్నాడు, తన తండ్రి ఇంకా దొరకనివాడు. కాళ్ళు తెగిన కొయ్య కదా, గుంతలో దిగాక నా నడుము దాకా కూడా రాలేదు. అక్క కల్లు పోసింది. ఆ ఇనుప ముక్కను తాత నా అరచేతిలో పెట్టాడు. దాచుకోమనలేదు, పారేయమనలేదు.

పదకొండు రోజులు అక్క నాతో మాట్లాడలేదు. పన్నెండో రోజు పొద్దున్నే మా ఇంటికొచ్చి బయటే నిలబడింది.

"నాన్న వచ్చాడు."

"దేక్కుంటూనా?"

"లేదు. నడుచుకుంటూ. గుమ్మం ఎక్కి లోపలికొచ్చి కూర్చున్నాడు. కల్లు తాగాడు."

నాకు ఏడుపొచ్చింది.

"పోతూ పోతూ నీ ఇల్లెక్కడని అడిగాడు," అంది అక్క. "దారి చెప్పాను."